ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదంటారు, మరి వేగం ఎలా పెంచుతుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇంటర్ సెకండియర్ చదువుతున్న అమ్మాయికి కాలేజీ నోట్సులో "ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనకుండా చర్యావేగాన్ని పెంచుతుంది" అని రాయించారు. పాల్గొనకుండా ఎలా పెంచుతుందని ఆ అమ్మాయి వాళ్ళ నాన్నను నిలదీసింది, ఆయన వచ్చి ఇక్కడ అడిగారు. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు: అది ఖర్చు కానిదైతే ఫ్యాక్టరీలు మళ్ళీ మళ్ళీ ఎందుకు కొంటాయి, ఎంజైములు కూడా ఇదే బాపతా?

సూటిగా చెప్పేస్తాను. ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది. నిండా పాల్గొంటుంది. వచ్చిన అణువుతో తాత్కాలికంగా బంధం కడుతుంది, దాని రూపు మారుస్తుంది, పని అయ్యాక ఆ బంధం తెంచుకుని తన మొదటి రూపానికి వచ్చేస్తుంది. మొదట్లో తూచినా చివర్లో తూచినా అంతే ఉంటుంది కాబట్టి "పాల్గొనలేదు" అనేశారు, అంతే. కాబట్టి మీ అమ్మాయి అనుమానం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. ఎంజైములదీ ఇదే జాతి, పనితనం మాత్రం వేరే లెవెల్. ఇక కొనడం సంగతంటారా, ఉత్ప్రేరకం లెక్క ప్రకారం ఖర్చు కాదు గానీ రియాక్టర్లో చచ్చిపోతుంది. ఆ కథ కింద చెబుతాను.

నేను హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో ప్రాసెస్ డెవలప్‌మెంట్ పని చేస్తూ వచ్చినవాణ్ణి, హైడ్రోజనేషన్లు (అణువులోకి హైడ్రోజన్ ఎక్కించే చర్యలు) ఎక్కువగా, తర్వాత తర్వాత ఎంజైములతో కూడా. అందుకే ఉదాహరణలు అటువైపు నుంచే వస్తాయి, ఏమీ అనుకోకండి.

పాల్గొంటుందని కళ్ళతో చూడొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ చేసి చూపించగలిగిన ప్రయోగం ఒకటుంది. ఫెలింగ్ ద్రావణంలో వాడే రోషెల్ లవణాన్ని నీళ్ళలో కరిగించి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, 60, 70 డిగ్రీల దాకా వేడి చేస్తే ఏదో నాలుగు బుడగలు వస్తాయి, అంతకు మించి ఏమీ జరగదు. అందులో కాస్త కోబాల్ట్ క్లోరైడ్ ద్రావణం పోయండి, అది గులాబీ రంగులో ఉంటుంది. కొద్దిసేపటికి మొత్తం ఆకుపచ్చగా మారి, బీకరు పొంగిపోయేంతగా నురగ వస్తుంది. నురగ తగ్గేసరికి రంగు మళ్ళీ గులాబీకి వచ్చేస్తుంది. ఆ ఆకుపచ్చ ఉన్నంతసేపూ కోబాల్ట్ తన ఎలక్ట్రాన్ ఒకటి పోగొట్టుకుని, రోషెల్ లవణంలోని టార్ట్రేటుతో ముడిపడి, వేరే పదార్థంగా ఉంది. పని అయిపోయాక పాత కోబాల్టే. పాల్గొనకపోతే ఆకుపచ్చ రంగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం, పాల్గొంటే వేగం ఎందుకు పెరగాలి?

దాదాపు ఏ చర్య జరగాలన్నా పాత బంధాలు తెగాలి. తెగాలంటే శక్తి కావాలి. అణువులు ఢీకొన్నప్పుడు ఆ మాత్రం శక్తి ఉన్నవే అవతలకు వెళ్తాయి, మిగతావి ఢీకొని వెనక్కి వచ్చేస్తాయి. ఆ కనీస శక్తినే యాక్టివేషన్ ఎనర్జీ అంటారు, తెలుగు మీడియం వాళ్ళకు ఉత్తేజన శక్తి. ఉత్ప్రేరకం చేసేది ఏమిటంటే, పాత బంధం పూర్తిగా తెగేదాకా ఆగకుండా, అది సాగుతూ ఉండగానే అటు పక్క నుంచి కొత్త బంధం కట్టడం మొదలుపెడుతుంది. బంధం ఏర్పడితే శక్తి విడుదలవుతుంది కదా, పాతది తెగడానికి కావలసిన శక్తిలో కొంత అక్కణ్ణుంచే వచ్చేస్తుంది. బయట నుంచి తేవలసిన భాగం తగ్గుతుంది. నన్నడిగితే ఈ టాపిక్ మొత్తంలో అర్థం చేసుకోవలసిన వాక్యం ఇదొక్కటే.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే తీసుకోండి. అది దానంతటది నీరు, ఆక్సిజన్‌గా విడిపోవడానికి ఉత్తేజన శక్తి మోలుకు సుమారు 75 కిలోజౌళ్ళు. అందుకే మెడికల్ షాపులో కొన్న సీసా నెలల తరబడి ఉంటుంది. అందులో పొటాషియం అయోడైడ్ వేస్తే అది 56 దగ్గరికి పడిపోతుంది. ఎలాగంటే, అయోడైడ్ అయాను తన దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటతో పెరాక్సైడ్‌లోని ఒక ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఆ రెండు ఆక్సిజన్ల మధ్య బంధం వదులై నీళ్ళుగా ఊడిపోతుంది, ఇటు హైపో అయోడైట్ మిగులుతుంది. ఆ హైపో అయోడైట్ ఇంకో పెరాక్సైడ్ అణువుతో కలిసి నీరు, ఆక్సిజన్ ఇచ్చి తను మళ్ళీ అయోడైడ్‌గా బయటపడుతుంది. ఒక పెద్ద మెట్టు బదులు రెండు చిన్న మెట్లు.

75కీ 56కీ తేడా 19 కిలోజౌళ్ళే కదా, దీనికింత హడావుడా అనిపిస్తుంది. కానీ చర్యావేగాన్ని లెక్కకట్టే ఆర్హీనియస్ సమీకరణంలో ఈ శక్తి ఘాతంలో కూర్చుంటుంది. 25 డిగ్రీల దగ్గర లెక్క వేస్తే సుమారు 5.7 కిలోజౌళ్ళు తగ్గిన ప్రతిసారీ వేగం పది రెట్లు పెరుగుతుంది. మిగతావన్నీ మారలేదనుకుంటే 19 తగ్గితే రెండు వేల రెట్ల పైమాటే. ఈ లెక్క మీ అమ్మాయి చేత కాలిక్యులేటర్ మీద ఒకసారి వేయించండి. పేజీలకు పేజీలు చదివినా రాని అవగాహన ఆ ఒక్క లెక్కతో వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న గొడవ. చాలామంది కొండకు సొరంగం తవ్వినట్టు అని చెబుతారు. తప్పనను గానీ, ఆ పోలికతో అదే దారి ఎత్తు తగ్గిందన్న భావన వస్తుంది. అసలు దారే వేరు. మధ్యలో వచ్చే పదార్థాలు వేరు, మెట్ల సంఖ్య వేరు, పాత కొండ ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది. దారి వేరు కాబట్టే ఒక్కోసారి చేరే ఊరు కూడా వేరవుతుంది. ఇథైల్ ఆల్కహాల్ ఆవిరిని వేడి రాగి మీదుగా పంపితే హైడ్రోజన్ పోయి అసిటాల్డిహైడ్ వస్తుంది, అదే ఆవిరిని వేడి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మీదుగా పంపితే నీరు పోయి ఇథిలీన్ వస్తుంది. ఉత్ప్రేరకం ఉత్త ప్రేక్షకుడైతే ఈ తేడా రాకూడదు.

ఘన ఉత్ప్రేరకాల్లోనూ కథ ఇదే, జరిగేది మాత్రం ఉపరితలం మీద. హైడ్రోజన్ అణువులో బంధం తెంచాలంటే మోలుకు 436 కిలోజౌళ్ళు కావాలి. పల్లేడియం అనే లోహం మీద వాలితే గది ఉష్ణోగ్రతలోనే విడిపోతుంది, ఎందుకంటే ఒక్కో హైడ్రోజన్ పరమాణువూ లోహంతో బంధం కట్టుకుంటుంది. నైట్రోజన్ బంధమైతే ఇంకా గట్టిది, 945. అమ్మోనియా తయారీలో ఇనుము చేసేది ఆ బంధాన్ని విడదీసి పట్టుకోవడమే. ఆ చర్యలో అన్నిటికంటే నెమ్మదైన మెట్టు అదేనని తేల్చడంలో ముఖ్యుడు గెర్హార్డ్ ఎర్ట్ల్, ఉపరితలాల మీద చర్యల గురించి చేసిన పనికి 2007లో ఆయనకు నోబెల్ ఇచ్చారు.

దీనికి మన వంటింటి సాక్ష్యం వనస్పతి. నూనెలో హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించడానికి నికెల్ పొడి వాడతారు, తర్వాత వడగట్టేస్తారు. నూనె అణువులోని ద్విబంధం నికెల్ మీద పడుకుంటుంది, దానికి ఒక హైడ్రోజన్ అంటుకుంటుంది. ఇప్పుడక్కడ ఉన్నది ఒంటి బంధం, అది గిర్రున తిరగగలదు. రెండో హైడ్రోజన్ వచ్చి అంటుకుంటే పని పూర్తయినట్టే. కానీ రెండోది అందేలోపు మొదటి హైడ్రోజన్‌ను నికెల్‌కు తిరిగిచ్చేసి అణువు లేచిపోతే? మళ్ళీ ద్విబంధమే, అయితే ఈ మధ్యలో తిరిగింది కాబట్టి వంకరగా ఉండాల్సిన గొలుసు నిటారుగా అయిపోతుంది. అదే ట్రాన్స్‌ఫ్యాట్. గుండెకు మంచిది కాదని మన ఆహార భద్రతా సంస్థ 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి పరిమితం చేసింది. నికెల్ చర్యలో పాల్గొనకుండా పక్కన నిలబడి ఉంటే ఆ ట్రాన్స్‌ఫ్యాట్ పుట్టేదే కాదు.

ఇక రెండో ప్రశ్న, ఖర్చు కానిదాన్ని ఎందుకు కొంటారు?

మంచి ఉత్ప్రేరకం అణువును మరీ వదులుగా పట్టుకోకూడదు, మరీ గట్టిగానూ పట్టుకోకూడదు. వదులైతే బంధం సాగదు, గట్టిదైతే వదలదు. నికెల్ మీద హైడ్రోజనేషన్ పనికి 1912లో నోబెల్ తీసుకున్న సబాటియే పేరు మీద చెప్పుకునే సూత్రం ఇది. సరిగ్గా ఇక్కడే ప్రమాదం కూడా ఉంది. గంధకం లాంటిది వచ్చి పల్లేడియం మీద కూర్చుందంటే ఇక లేవదు. చర్య జరిగే చోట్లు ఉపరితలం మీద కొన్నే ఉంటాయి కాబట్టి చాలా కొద్ది గంధకం చాలు మొత్తం పడకేయడానికి. దీన్నే ఉత్ప్రేరక విషం అంటారు.

ఒక కేసు చెబుతాను. ఒక ఇంటర్మీడియెట్ (మందు తయారీలో మధ్య దశ పదార్థం) హైడ్రోజనేషన్, ఏళ్ల తరబడి సాఫీగా నడిచింది. ముడిసరుకు కొత్త సప్లయర్ నుంచి తెప్పించాక ఆటోక్లేవ్‌లో (పీడనం తట్టుకునే మూసిన పాత్రలో) హైడ్రోజన్ నింపితే మొదట్లో కాస్త ప్రెషర్ తగ్గుతుంది, తర్వాత ముల్లు కదలదు. షిఫ్టులో ఉన్నవాళ్ళు ఉష్ణోగ్రత పెంచారు, లాభం లేదు. ఇంకొంచెం క్యాటలిస్ట్ (ఉత్ప్రేరకం) వేశారు, మళ్ళీ కాసేపు కదిలి ఆగింది. ఈ గుర్తు కనిపించిందంటే, కొత్త క్యాటలిస్ట్ వేసిన ప్రతిసారీ కొంచెం నడిచి ఆగిందంటే, దాదాపు విషమే అనుకోవచ్చు. విశ్లేషణ చేయిస్తే ముడిసరుకులో పై స్టేజీ నుంచి వచ్చిన గంధకం సమ్మేళనం ఆనవాళ్లు కనిపించాయి, స్పెసిఫికేషన్‌లో దానికి పరిమితే లేదు, కాబట్టి సప్లయర్‌ని ఏమీ అనడానికి లేకపోయింది. విరుగుడుగా ఏం చేశామంటే, వాడేసిన పాత క్యాటలిస్ట్‌ను ముందు ఆ ద్రావణంలో వేసి కలియబెట్టి వడగట్టాం. గంధకం దాన్ని పట్టుకుని బయటకు పోయింది. తర్వాత వేసిన కొత్త క్యాటలిస్ట్ మామూలుగా పనిచేసింది.

విషం ఒక్కటే కాదు. వేడికి సన్నటి లోహపు రేణువులు ఒకదానికొకటి అంటుకుని పెద్దవైపోతాయి, ఉపరితలం తగ్గిపోతుంది. పెట్రోలియం రిఫైనరీల్లో పెద్ద అణువులను చీల్చే యూనిట్లలో క్యాటలిస్ట్ మీద కార్బన్ మసి పట్టేస్తుంది, దాన్ని పక్కనే ఇంకో గదిలో కాల్చేసి మళ్ళీ లోపలికి పంపుతూ ఉంటారు, నిరంతరం. కార్ల సైలెన్సర్ దారిలో ఉండే కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉంటాయి, వాటికి సీసం పడదు. మన దేశంలో 2000 నాటికి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆపేయడానికి ఒక కారణం ఇదే, ఆరోగ్యం ఎలాగూ ఉంది. పల్లేడియం విషయంలో ఇంకో మాట: వాడేసిన క్యాటలిస్ట్‌ను ఎవరూ పారేయరు, లోహం రాబట్టే కంపెనీకి పంపుతారు. కొత్తది కొన్నామంటే డబ్బంతా లోహానికి కాదు, శుద్ధి ఖర్చు, మధ్యలో పోయిన తరుగు, అంతే. (ఎవరైనా ప్లాంటులో చేరబోతున్నవాళ్ళు చదువుతుంటే ఒక హెచ్చరిక: హైడ్రోజనేషన్ అయ్యాక వడగట్టగా మిగిలిన పల్లేడియం కార్బన్ (కార్బన్ పొడి మీద పల్లేడియం ఎక్కించిన క్యాటలిస్ట్) ముద్దను, అంటే కేకును, ఆరనివ్వకండి. ఆరిన కేకు, గాలి, మిథనాల్ ఆవిరి కలిస్తే నిప్పు దానంతటదే అంటుకుంటుంది. గాలి తగలకుండా నైట్రోజన్ కింద వడగట్టి, నీళ్ళతో తడిపి ఉంచాలి.)

ఇప్పుడు ఎంజైములు. సూత్రం మారదు. తేడా ఏమిటంటే ఎంజైము పెద్ద ప్రొటీన్ గొలుసు, ముడతలు పడి తనలో ఒక గుంట చేసుకుంటుంది, ఆ గుంటలో సరైన రసాయన సమూహాలు సరైన దూరంలో, సరైన కోణంలో ఉంటాయి.

మటన్ తొందరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు కదా, అందులో పనిచేసేది పపైన్ అనే ఎంజైము. ప్రొటీన్‌లో ఉండే పెప్టైడ్ బంధం తటస్థ నీటిలో దానంతటది తెగాలంటే సగం తెగడానికే కొన్ని వందల ఏళ్లు పడుతుంది, అంత మొండిది. పపైన్ గుంటలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తాలూకు గంధకం ఒకటుంది, పక్కనే ఉన్న హిస్టిడిన్ దాని ప్రోటాన్ లాక్కుని దాన్ని రెచ్చగొడుతుంది. ఆ గంధకం మాంసం ప్రొటీన్‌లోని కార్బన్‌ను పట్టుకుంటుంది, బంధం తెగి ఒక ముక్క ఊడిపోతుంది, రెండో ముక్క ఎంజైముకే అంటుకుని ఉంటుంది. అవును, కాసేపు మాంసం ముక్కా ఎంజైమూ ఒకే అణువు. తర్వాత నీటి అణువు వచ్చి ఆ ముక్కను విడదీస్తే ఎంజైము ఖాళీ అవుతుంది, ఇంకోదాని మీదికి పోతుంది. ఎంతకీ ఆగదు కాబట్టే ముద్ద ఎక్కువసేపు ఉంచితే కబాబు పిండిపిండిగా అయిపోతుంది. పండిన బొప్పాయిలో పపైన్ బాగా తగ్గిపోతుంది, అందుకే పచ్చిదే వాడతారు.

ఎంజైముకు తాళం, తాళంచెవి పోలిక 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పాడు, ఇప్పటికీ అందరూ అదే చెబుతారు. ఏ అణువును ఎంచుకుంటుందో చెప్పడానికి బాగానే ఉంటుంది గానీ వేగం ఎందుకు పెరుగుతుందో అది చెప్పదు. ఆలోచించండి, వచ్చిన అణువు ఉన్నదున్నట్టు గుంటలో హాయిగా సరిపోతే అక్కడే స్థిరపడిపోతుంది, ఇంక మారాల్సిన అవసరం దానికేముంది? అసలు గుంట సరిగ్గా సరిపోయేది సగం తెగి సగం కట్టిన ఆ మధ్యంతర స్థితికి. అణువును అటువైపు వంగమని గుంట ఒత్తిడి పెడుతుంది. 1930లో హాల్డేన్, ఆ తర్వాత 1940ల్లో లైనస్ పాలింగ్ ఈ మాట అన్నారు. అలాంటి మధ్యంతర స్థితిని పోలిన నకిలీ అణువులు తయారుచేస్తే అవి ఎంజైమును మామూలు అణువులకంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టేసుకుంటాయి, చాలా మందులు పనిచేసేది ఈ కిటుకుతోనే.

పనితనం ఎంతంటే, మన కణాల్లో ఆర్‌ఎన్‌ఏకి కావలసిన ఒక ముక్కను తయారుచేసే ఎంజైము ఉంది, ఒరొటిడిన్ మోనోఫాస్ఫేట్ డీకార్బాక్సిలేజ్ అని పెద్ద పేరు. ఆ చర్య ఎంజైము లేకుండా నీటిలో సగం జరగడానికి దాదాపు 7 కోట్ల 80 లక్షల ఏళ్లు పడుతుందని 1995లో లెక్క కట్టారు. ఎంజైము ఉంటే సెకనులో చిన్న భాగం. ఒకటి పక్కన పదిహేడు సున్నాల రెట్లు. ఏ లోహమూ లేదు, వట్టి ప్రొటీన్. మేము ప్లాంటులో పది రెట్లు పెరిగితే పార్టీ చేసుకుంటాం.

అలా అని ఎంజైము ఉంటే చాలు, అన్నీ సుఖమే అనుకోకండి. పెన్సిలిన్-జి నుంచి 6-ఏపీఏ (కొత్త రకం పెన్సిలిన్లకు మూలపదార్థం) చేసే పని ఒకప్పుడు మైనస్ 40 డిగ్రీల్లో, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో, క్లోరిన్ ద్రావణుల్లో చేసేవారు. ఇప్పుడు పెన్సిలిన్ అసైలేజ్ ఎంజైమును పూసలకు అంటించి, నీళ్ళలో, మన ఒంటి వేడి లోపే చేసేస్తారు. వినడానికి ఎంత బాగుంది! నడిపేవాళ్ళ టెన్షన్ వేరే. చర్య జరిగే కొద్దీ ఫినైల్ అసిటిక్ ఆమ్లం విడుదలై పీహెచ్ పడిపోతుంది, క్షారం పోస్తూ 8 దగ్గర నిలబెట్టాలి. ఒకేచోట ఎక్కువ పోస్తే అక్కడున్న ఎంజైము పోతుంది, పోయకపోతే చర్య మందగిస్తుంది. స్టిరర్ గట్టిగా తిప్పితే పూసలు అరిగి పొడైపోతాయి. వేడి కొంచెం ఎక్కువైతే ప్రొటీన్ ముడతలు విడిపోయి గుంట చెదిరిపోతుంది. లోహ క్యాటలిస్ట్ ఇన్ని మర్యాదలు అడగదు.

అయినా ఇప్పుడు పరిశ్రమ అటువైపే పోతోంది. షుగర్ మాత్రల్లో ఉండే సిటాగ్లిప్టిన్ తయారీలో ఒక దశకు రోడియం క్యాటలిస్ట్, అధిక పీడనం హైడ్రోజన్ వాడేవారు. దాని బదులు మార్పులు చేసిన ఒక ట్రాన్సమినేజ్ ఎంజైముతో చేయొచ్చని 2010లో ప్రచురించారు. మొదట తీసుకున్న ఎంజైములో ఆ పెద్ద అణువు అసలు పట్టనే లేదు, గుంటను మార్పు మీద మార్పు చేసి పట్టేలా చేశారు. ఇలా ప్రయోగశాలలో ఎంజైములను తరతరాలుగా మార్చి ఎంచుకునే పద్ధతికే 2018లో ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్‌కు నోబెల్ వచ్చింది.

ఉత్ప్రేరకం చేయలేనిది ఒకటుంది, పరీక్షలో అడుగుతారు కూడా. జరగని చర్యను అది జరిపించలేదు, సమతాస్థితిని అటూ ఇటూ జరపలేదు. పురోగామి (ముందుకు సాగే) చర్యను ఎన్ని రెట్లు పెంచుతుందో తిరోగామి (వెనక్కి వచ్చే) చర్యనూ అన్ని రెట్లే పెంచుతుంది. అమ్మోనియాకు నిజానికి తక్కువ ఉష్ణోగ్రతే మేలు, దిగుబడి ఎక్కువ. కానీ ఆ చలిలో ఇనుము కూడా నైట్రోజన్‌ను సరిగా కదిలించలేదు, అందుకే దిగుబడి కొంత వదులుకుని 400, 500 డిగ్రీల మధ్య నడుపుతారు, ఆ లోటును పీడనంతో పూడ్చుకుంటారు. ఎంజైముల్లో లైపేజ్ దీనికి భలే ఉదాహరణ. నీళ్ళు దండిగా ఉంటే కొవ్వును ముక్కలు చేస్తుంది, నీళ్ళు తీసేస్తే అదే లైపేజ్ ఆమ్లాన్నీ ఆల్కహాల్‌నీ కలిపి ఎస్టర్ కడుతుంది. ఎటు పోవాలన్నది దాని చేతిలో లేదు.

పరీక్షలో ఏం రాయాలంటారా, "చర్యలో పాల్గొని, తక్కువ ఉత్తేజన శక్తి గల మరో మార్గాన్ని కల్పించి, చివరకు రసాయనికంగా మార్పు చెందకుండా మిగిలే పదార్థం" అని రాయమనండి. మార్కులు పోవు, మాటా తప్పు కాదు.

ఇంట్లో చూపించాలనుకుంటే పచ్చి బంగాళాదుంప ముక్క, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. గాజు గ్లాసులో ముక్క వేసి పెరాక్సైడ్ పోస్తే దుంపలోని కెటలేజ్ అనే ఎంజైము వల్ల నురగ వస్తుంది. నురగ ఆగాక ద్రవం వంపేసి, అదే ముక్క మీద కొత్త పెరాక్సైడ్ పోయండి, మళ్ళీ వస్తుంది. పక్కన ఇంకో గ్లాసులో ఉడికించి చల్లార్చిన ముక్క వేసి చూడండి, దాదాపు ఏమీ రాదు. కళ్ళలో పడకుండా చూసుకోండి, ఎట్టి పరిస్థితుల్లోనూ దీన్ని సీసాలో పోసి మూత బిగించకండి, లోపల ఆక్సిజన్ పెరిగి సీసా పగులుతుంది.